మూడు రోజుల తుప్పు

"ఆ సంతకం ఒక్క అరగంట ఆపండమ్మా."

ముంతాజ్ బేగం చేతిలో కలం కాగితానికి అంగుళం దూరంలో ఆగింది. ఎస్సై గోవర్ధనం మడతకుర్చీలోంచి లేవకుండానే తల తిప్పి చూశాడు.

ఆ మాట అన్న మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచి వస్తున్నాడు. పేరు యెహోషువ. కావలి రైలు స్టేషన్లో ఇరవయ్యేళ్ళు గూడ్సు గుమాస్తాగా పనిచేశాడు. దారి తప్పిన మూటలు ఏ ఊరికి పోయాయో వెతికి వెతికి, ఆ యావ వదలక, ఇప్పుడు నెల్లూరులో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. తనది కాని సంగతి కనిపిస్తే ముక్కు దూర్చకుండా ఉండలేడని ఆయన భార్య పాతికేళ్ళుగా అంటోంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఆయన వెనక పిచ్చమ్మ వస్తోంది. బేస్తవాళ్ళ మనిషి. తెల్లారకముందే ఎండు వంజరం చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కి, నెల్లూరులో ఆయన గుమ్మం ముందు కూచున్నది ఈవిడే. "నా మొగుణ్ణి అన్యాయంగా కట్టేసినారు సామీ. నువ్వు రాకపోతే ఈ బుట్టతో ఇక్కణ్ణించి లేవను" అన్నది. యెహోషువ బుట్ట లోపల పెట్టించి, గడియారానికి కీ ఇచ్చి బయల్దేరాడు.

ఇంతకీ జరిగింది ఇది. గుల్లపాలెం రేవులో, సముద్రానికి కూతవేటు దూరంలో, ముంతాజ్ బేగం కొట్లు పన్నెండు ఒకే వరసలో ఉన్నాయి. వలలు, తెరచాపలు, ఉప్పు, ఎండుచేపలు, ఎవరికేం దాచుకోవాలన్నా నెల కిరాయికి ఇస్తుంది. శుక్రవారం నాడు చేపలవాళ్ళ సొసైటీ షెడ్డులోంచి నాలుగు బేళ్ళ నైలాను దారం పోయింది. ఆ పంతొమ్మిది వందల అరవై మూడులో నైలాను దారమంటే మాటలా! నూలు వలలు నేసుకునే వాళ్ళకు ఒక బేలు చేతికొస్తే ఆ ఏడాది దశ తిరిగినట్టే. ఆదివారం పొద్దున ఎస్సై వచ్చి కొట్లన్నీ వెతికాడు. ఒక కొట్లో బేళ్ళు దొరికాయి. ఆ కొట్టు తలుపు మీద 11 అని ఉంది. బేగం పుస్తకంలో పదకొండు ఎవరిదని చూస్తే, పిచ్చమ్మ మొగుడు చిన్నపోలయ్యది. అతను అప్పుడు సముద్రంలో ఉన్నాడు. మంగళవారం సాయంత్రం పడవ దిగాడో లేదో, చేతులకు బేడీలు పడ్డాయి.

ఇవాళ బుధవారం. చిన్నపోలయ్య అదిగో ఆ జీపులో తల వంచుకుని కూచున్నాడు. బేగం ఆ కాగితం మీద సంతకం పెడితే జీపు నేరుగా నెల్లూరు కోర్టుకు పోతుంది.

"ఏం రాశారు అందులో?" యెహోషువ అడిగాడు.

"కొట్టు నంబరు బిళ్ళలు రెండేళ్ళుగా కదల్లేదు, కదపడానికి వీల్లేదు అని" గోవర్ధనం అన్నాడు. "బేగం గారే నాకు చెప్పిన మాట. అవునా, కాదా?"

"అవును" అంది బేగం. అరవై దాటిన మనిషి. మాట తేలిగ్గా వెనక్కి తీసుకునే రకం కాదు. "నా అంకెలు కదలవు."

పిచ్చమ్మ ఇసకలో కూలబడింది. "అమ్మా, అది మా కొట్టు కాదమ్మా! మాది సముద్రం వైపు కడాకరిది. ఇది ఊరివైపుది. బండ్లు ఆపుకునే దానికి బాగుంటాదని ముత్యాలయ్య తీసుకున్నది గదా! మా కొట్లో ఉప్పు మూట ఒక్కటి కూడా లేదు. దీంట్లో ఇరవై మూటలుండాయంట!"

"అయితే ఉప్పు కూడా కొట్టేసినాడన్నమాట మీ ఆయన" అన్నాడు గోవర్ధనం.

"మరి సముద్రం వైపు కొట్లో వలలున్నాయి కదండీ" యెహోషువ మధ్యలో అందుకున్నాడు. "ఉప్పు వ్యాపారం చేసుకునే ముత్యాలయ్యకు వలలెందుకు?"

"కొనుక్కున్నానన్నాడు. వలలు కొనకూడదని చట్టం ఉందా? చూడండి యెహోషువ గారూ, ఈ ఊళ్ళో ఎవర్ని అడిగినా పోలయ్యకే పలుకుతారు. అందరూ ఒకటే. అంకెకు మాత్రం అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. నేను అంకెను నమ్ముతాను."

"నంబరు ఎప్పుడు చదివారు?"

గోవర్ధనం ఈ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు నిటారుగా కూచున్నాడు. "పద్ధతి ప్రకారం చేశాను. ఇందుకూరుపేట నుంచి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంట తెచ్చాను. పదిన్నరకు బేళ్ళు చూపించి, తలుపు మూసి, గొళ్ళేనికి లక్క సీలు వేసి, నోటీసు కొట్టించి, వాళ్ళను పంపించేశాను. నంబరు నేను చదివితే చాలదు, యజమానురాలే చదవాలని బేగం గారికి కబురు పెట్టాను. మూడింటికి వచ్చారు. చదివారు. సంతకం పెట్టారు."

"పదిన్నర నుంచి మూడు దాకా?"

"ఈ కుర్చీలోనే కూచున్నాను. కానిస్టేబుల్ని కూడా భోజనానికి పంపించి నేనొక్కణ్ణే కాపలా కాశాను. మొగవాళ్ళు సముద్రంలో, ఆడవాళ్ళు సంతలో. ఈగ కూడా వాలలేదు. చాలా?"

"చాలండి. చాలా మంచి కాపలా." యెహోషువ గడియారం చూసుకున్నాడు. పదకొండుకు పది నిమిషాలు. "అరగంట ఇవ్వండి. కొట్లు చూస్తే పోయేదేముంది?"

"చూసుకోండి. సీలు ముట్టుకున్నారో, మిమ్మల్నీ జీపెక్కిస్తాను."

యెహోషువకు కోపం రాలేదు. ఆయన కళ్ళు అప్పటికే తలుపుల మీది చెక్కబిళ్ళలను పట్టుకుని వేళ్ళాడుతున్నాయి. కావలిలో ఉండగా వ్యాగన్ల మీద, మూటల మీద, పెట్టెల మీద ఆయన లక్ష అంకెలు చూశాడు. సగం ఏడాది తిరక్కుండానే చెరిగిపోయేవి. ఇక్కడ ఉప్పుగాలి దిమ్మెత్తించేలా కొడుతోంటే, రెండేళ్ళ అంకెలు నిన్న చెక్కినట్టున్నాయి. ఆ ముచ్చట తెలుసుకోకుండా ఎలా?

"బేగం గారూ, ఇవి ఇంతకాలం ఎలా నిలిచాయి?"

ఆవిడ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. పదకొండేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మొగవాడు ఈయనే.

"మొదట సున్నంతో రాయించాను. మొదటి వానకే కారిపోయింది. తారు పూయించాను. ఎండకు జారి ఏ అంకె ఏదో తెలీకుండా పోయింది. ఇనప రేకులు వేయిస్తే ఏడాదిలో చిల్లులు పడినాయి. మద్రాసు నుంచి పింగాణీ పూత బిళ్ళలు తెప్పించాను. మేకు కొట్టినచోట పూత పెచ్చులేచింది, అక్కణ్ణించి తినడం మొదలుపెట్టింది గాలి. ఇత్తడి పెట్టాను. ఇత్తడిని గాలి తినలేదు, మనుషులే తిన్నారు. వారంలో తొమ్మిది బిళ్ళలు మాయం."

యెహోషువ నవ్వాడు. ఆవిడా నవ్వింది.

"ఆఖరికి వడ్రంగి మౌలా చెప్పాడు. ముసలి తాటిచెట్టు చేవ తీసి, వేలెడు లోతున అంకె చెక్కి, పడవలకు కొట్టే రాగిమేకులు కొడదామని. మేకు తలుపులోంచి అవతలికి దిగాక కొనను వంచేస్తాడు. లాగితే రాదు."

"కిరాయిదారుల పేర్లు రాయిస్తే సరిపోయేది కదమ్మా?"

"పేర్లు మారిపోతాయి. వలల కొట్టు అని రాస్తే రేపు అందులో ఉప్పు పోస్తారు. అంకెకైతే ఆ గొడవ లేదు. ఒకసారి ఇచ్చానంటే ఆ కొట్టు కూలేదాకా అదే అంకె. అందుకే చూడండి, నా వరస పిచ్చివరసలా ఉంటుంది. మధ్యలో ఒకటి నుంచి ఎనిమిది. తర్వాత సముద్రం వైపు ఒకటి కట్టి తొమ్మిదన్నాం. ఊరివైపు కట్టి పదన్నాం. చివరికి మా ఆయన పోయే ముందు ఏడాది ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి కట్టించాడు. అవే పదకొండు, పన్నెండు."

"వాటిలో ఏది ముందు కట్టారు?"

బేగం ఆగింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"సముద్రం వైపుదే ముందు కట్టామని నా గుర్తు" అంది మెల్లగా. "ఆదివారం వచ్చి చూస్తే ఊరివైపు కొట్టు మీద పదకొండు కనిపించింది. నెలకోసారి వచ్చేదాన్ని, వయసు మీద పడింది, నేనే మర్చిపోయానేమో అనుకున్నాను. నామీద నాకు అనుమానం వచ్చింది గానీ, చెక్క మీద రాలేదు యెహోషువ గారూ."

ఆ మాటతో యెహోషువకు ఆవిడ మీద జాలేసింది. అంతలోనే చిక్కుముడి విడింది. ఒకటి ఆ కొసన, ఒకటి ఈ కొసన. రెండూ తారుమారైనా వరస చెడదు! చదువుకున్న వాడెవడూ కనిపెట్టలేడు. చదువురాని పిచ్చమ్మకు అంకెతో పనిలేదు, తన తలుపు తనకు తెలుసు. అందుకే ఆవిడ మాట ఒక్కటే నిజం, ఆ మాటే ఎవరికీ అక్కర్లేదు.

ఆయన గబగబా సముద్రం వైపు కొసకు నడిచాడు. బేగం, పిచ్చమ్మ వెనకే వచ్చారు. దారిలో తొమ్మిది తలుపు దగ్గర ఆగి మేకు తలలు చూశాడు. నాలుగూ రాగివే. పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఒకటో నంబరుకూ అంతే, ఎనిమిదికీ అంతే.

ఇప్పుడు 12 అని ఉన్న కడాకరి తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూచున్నాడు.

ఇక్కడ చిలుం లేదు. మేకు తలల కింద ఎర్రటి చార.

"బేగం గారూ, మీ మౌలా ఇనపమేకులు కొట్టాడా?"

"మౌలా కొట్టడమా! వాడి తాత ముత్తాతలు పడవలు కట్టినవాళ్ళు. ఉప్పునీళ్ళ పక్కన ఇనుము కొట్టమంటే చేతులు కడుక్కుని లేచిపోతాడు." ఆవిడ వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, మేకును చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి. "ఇది మూడు రోజుల తుప్పు."

"రోజులు కూడా చెప్పగలరా?"

"పదకొండేళ్ళు ఈ తుప్పుతోనే కాపురం చేశాను. మొదటిరోజు మేకు మెరుపు పోతుంది. రెండోరోజు తల చుట్టూ ఎర్ర అంచు పడుతుంది. మూడోరోజుకు చార అరంగుళం దిగుతుంది. వారానికి బిళ్ళ కింది అంచు దాకా వస్తుంది. ఇది అరంగుళం. ఆదివారం కొట్టిన మేకు."

శుక్రవారం కాదు. దొంగతనం రోజు కాదు. సోదా జరిగిన ఆదివారం!

యెహోషువ పిచ్చమ్మ చేత గొళ్ళెం తీయించి లోపలికి వెళ్ళాడు. వలల వాసన గుప్పుమంది. తలుపు వెనక తడిమితే నాలుగు రాగి కొనలు వంగి చెక్కను పట్టుకునే ఉన్నాయి. పట్టుకోవడానికి బయట తలలే లేవు. ఎవరో తలలు నరికి, బిళ్ళ ఊడదీసి, కొత్త మేకులు కొట్టారు. మళ్ళీ బయటికొచ్చి బిళ్ళ చుట్టూ వేలు పెట్టి చూశాడు. కింది అంచున కందిపప్పంత ఎర్రటి బొట్టు. గోటితో గీరితే పెళుసుగా లేచింది. వాసన చూశాడు.

లక్క.

ఆయన తల తిప్పి ఊరివైపు కొస కేసి చూశాడు. ఈ తలుపుకు ఎవరూ సీలు వేయలేదు. సీలు వేసింది అటు, పదకొండు తలుపుల అవతల. మరి ఆ లక్క ఇక్కడి బిళ్ళకెలా అంటింది?

"ఏమైంది సామీ?" పిచ్చమ్మ భయంగా అడిగింది.

"ముత్యాలయ్య ఎవరి తాలూకు తల్లీ? ఈ ఊరివాడేనా?"

"కాదు సామీ, బుచ్చిరెడ్డిపాలెం నించి వొచ్చినాడు. ఎస్సై గారి పెళ్ళాం తమ్ముడంట గదా. ఊరందరికీ తెలుసు."

"ఊరందరికీ తెలిసింది నెల్లూరు దాకా రాలేదమ్మా" అన్నాడు యెహోషువ, లేచి ఇసక దులుపుకుంటూ.

తిరిగి వచ్చేసరికి గోవర్ధనం కాగితం మోకాలి మీద పెట్టుకుని విసుక్కుంటున్నాడు. పక్కన కానిస్టేబుల్ నరసయ్య నిలబడి ఉన్నాడు. యెహోషువ ఎస్సైతో మాట్లాడకుండా ముందు సీలు వేసిన తలుపు చూశాడు. 11 బిళ్ళకు ఇనపమేకులే. ఆ పక్కనే, సోదా నోటీసుకు నాలుగు మూలలా నాలుగు మేకులు. అవే తలలు, అంతే పొడుగు చార.

"ఎస్సై గారూ, ఈ నోటీసు కొట్టిన మేకులు ఎక్కడివి?"

"స్టేషన్ పెట్టెలోవి. ఎందుకు?"

"నంబరు బిళ్ళలకు కూడా అవే కొట్టారు, అందుకని."

నరసయ్య గొంతు సవరించుకున్నాడు. గోవర్ధనం మాత్రం కదల్లేదు.

"మేకులన్నీ ఒకేలా ఉంటాయి" అన్నాడు.

"ఉంటాయి. మీరన్నది నిజమే. కానీ ఆ కొసన ఉన్న పన్నెండు బిళ్ళకు లక్క బొట్టుంది. పదిన్నరకు మీరు సీలు వేసేటప్పుడు ఎవరో చేతికంటిన లక్క పక్కనున్న బిళ్ళకు తుడిచారు. అంటే ఆ బిళ్ళ అప్పుడు ఈ తలుపు మీదుంది. ఇది పన్నెండో నంబరు, మీ బావమరిది కొట్టు. మూడింటికి బేగం గారు చదివేసరికి పదకొండయింది. ఈ మధ్యలో ఈ కుర్చీలో కూచున్నదెవరో మీరే చెప్పారు. ఈగ కూడా వాలలేదన్నారు."

జీపులో చిన్నపోలయ్య తలెత్తాడు.

గోవర్ధనం నెమ్మదిగా నవ్వాడు. ఆ నవ్వు యెహోషువకు నచ్చలేదు.

"బిళ్ళలు మారాయనుకుందాం. ఆదివారం సంతకం పెట్టిందెవరు? బేగం గారు. తప్పు నంబరు చదివి పోలీసుల చేత అమాయకుణ్ణి పట్టించిందెవరు? బేగం గారు. మేకులు, సుత్తి, వడ్రంగి ఎవరి దగ్గరున్నాయి? ఇప్పుడు ఆ సంతకం అబద్ధమంటే కోర్టు ముందు నిలబడేది ఆవిడే. ఆలోచించుకోండమ్మా. ఇటు సంతకం పెడితే ఇంటికి. లేదంటే జీపులో పోలయ్య పక్కన చోటుంది."

బేగం పరదా చాటున పెరిగిన మనిషి, పరువు తప్ప వేరే ఆస్తి లేనట్టు బతికింది. ఆవిడ జీపు వైపు చూసింది. పిచ్చమ్మ వైపు చూసింది. తర్వాత చేతిలోని కలానికి మూత పెట్టింది.

"ఆదివారం నేను తప్పు చదివాను" అంది. "నా బిళ్ళ నాతో అబద్ధం చెప్పించింది. ఎక్కడైనా చెప్తాను, కోర్టులో కూడా. అయినా బిళ్ళ పోతే నా అంకె పోతుందనుకున్నారా? ఇత్తడి బిళ్ళలు పోయిన నాడే బుద్ధొచ్చింది నాకు. ప్రతి కొట్టుకూ లోపల, ద్వారబంధం పైదూలం మీద మౌలా చేత రెండో అంకె చెక్కించి, పైన సున్నం కొట్టించాను. ఈ తలుపు తీయండి. సున్నం గీకండి. ఏముందో చూద్దాం!"

యెహోషువ చెయ్యెత్తి ఆపబోయేలోపే మాట జారిపోయింది. ఆ కోపంలో ఎవరైనా అనేస్తారు. తప్పు పట్టడానికి లేదు.

గోవర్ధనం నరసయ్య వైపు తిరిగి ఏదో రెండు ముక్కలు గొణిగాడు. నరసయ్య జీపు వైపు పోయాడు.

"కోర్టు ఉత్తర్వు లేకుండా సీలు తీయకూడదు" అన్నాడు గోవర్ధనం. "రేపు అర్జీ పెట్టుకోండి. ఎల్లుండి ఉత్తర్వు వస్తుంది. అప్పుడు అందరం కలిసి చూద్దాం. మేజిస్ట్రేటు గారిని కూడా పిలుద్దాం. అన్నట్టు మీది కావలి కదూ యెహోషువ గారూ? నేనక్కడ ఏడాది పనిచేశాను. మంచి ఊరు. స్టేషన్ ముందు ఇడ్లీలు బాగుండేవి..."

ఇంతవరకు కేసు మాట తప్ప ఇంకోటి ఎత్తని మనిషి ఇడ్లీల దగ్గర్నుంచి సాంబారుకు, సాంబారు నుంచి హోటలు ఓనరుకు పోతున్నాడు. యెహోషువ వింటున్నట్టు తలాడిస్తూ జీపు వైపు చూశాడు. జీపులో చిన్నపోలయ్య ఒక్కడే ఉన్నాడు. నరసయ్య లేడు.

"కాస్త ఆగండి" అన్నాడు యెహోషువ.

"...ఆ ఓనరు కూతురి పెళ్ళికి..."

"నోరు ముయ్యండి ఎస్సై గారూ!"

అప్పుడు వినిపించింది. టక్. మళ్ళీ టక్. సీలు వేసిన తలుపు వెనక నుంచి. ఉలి మీద సుత్తి దెబ్బ.

"పెంకులు!" అంది పిచ్చమ్మ. "వెనకమాల పెంకులు తీసి దిగినాడు సామీ!"

యెహోషువ తలుపు దగ్గరికి దూకాడు. చెయ్యి లక్క సీలుకు జానెడు దూరంలో ఆగిపోయింది. అది తెంపితే సాక్ష్యం పాడుచేశాడని రేపు కోర్టులో తననే ముద్దాయిని చేస్తారు. తెంపకపోతే ఇంకో నాలుగు దెబ్బల్లో సాక్ష్యమే ఉండదు. గోవర్ధనం అప్పటికే నడుంకున్న తుపాకి మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోండి చూద్దాం" అన్నాడు.

టక్. టక్.

ముంతాజ్ బేగం ఇద్దర్నీ తోసుకుని ముందుకొచ్చింది. "ఈ కొట్టు నాది" అని, కుడిచేత్తో సీలు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. లక్క పెళ్ళలుగా రాలింది. గొళ్ళెం ఊడింది. తలుపు రెండు రెక్కలూ బయటికి తెరుచుకున్నాయి.

నైలాను బేళ్ళ మీద ఎక్కి నిలబడి, చేతిలో ఉలితో, సున్నం పొడి మొహాన కొట్టుకుని నరసయ్య వెలుతురుకు కళ్ళు చికిలించాడు. దిగాలా, ఉండాలా తెలీక అలాగే ఉండిపోయాడు. సుత్తి చేతిలోంచి జారి ఉప్పు మూట మీద పడింది.

బేగం బేళ్ళ పక్కగా లోపలికి నడిచి, వెనక్కి తిరిగి, దూలం వైపు చూసింది. యెహోషువ ఆవిడ పక్కన నిలబడ్డాడు. గడప బయట పిచ్చమ్మ, ఆవిడ వెనక గోవర్ధనం.

మొదటి అంకె ఉన్నచోట తాజా గుంట, తెల్లటి పేళ్ళు. దాని పక్కన సున్నం సగం రాలి, రెండో అంకె ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. లోతుగా, నున్నగా, మౌలా చేత్తో చెక్కిన 2.

బేగం వేలెత్తి ఆ అంకెను చూపించింది.

"పదకొండులో రెండు ఎక్కడుంటుంది ఎస్సై గారూ?"